ప్రార్థనకు ముందు

సాయంత్రం నాలుగు దాటాక వార్డులోకి చూడ్డానికి వచ్చేవాళ్ళలో బైబిలు చంకన పెట్టుకున్న పాస్టరుగారు ఒక్కరైనా ఉంటారు. మంచం పక్కన నిలబడి "ఎలా ఉందమ్మా?" అంటారు. "పర్లేదు అయ్యగారూ" అంటుంది పేషెంటు. ఆయన ఒక వాక్యం చదివి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, పక్క మంచానికి వెళ్తారు. మొత్తం ఐదు నిమిషాలు పట్టదు. ఆయన వెళ్ళాక సెలైన్ మార్చడానికి నేను వెళ్తే ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగే మాట వేరే ఉంటుంది. "సిస్టరమ్మా, ఈ గడ్డ కేన్సరేనా? మా ఆయన నన్ను పుట్టింటికి పంపించేస్తాడా?"

నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఇది చూస్తూనే ఉన్నాను. అయ్యగారి మీద నమ్మకం లేక ఆ మాట దాచుకోలేదు. ఆయన కోసమే పొద్దుటి నుంచి గుమ్మం వైపు చూసింది. కానీ ఆయన "ప్రార్థన చేసుకుందాం" అన్నాక ఇక చెప్పడానికి వీలెక్కడిది? కళ్ళు మూసుకోవాలి, తల వంచాలి, చివర్లో ఆమెన్ అనాలి. మన సంఘాల్లో ఎంతో మంచి మనసుతో అనే ఈ మాట చాలాసార్లు ఎదుటి మనిషి నోరు మూయించేస్తోంది. నేను ప్రార్థనను నమ్మే మనిషిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషి గుండెలో ఏముందో తెలియకుండా చేసే ప్రార్థన ఎవరికైనా సరిపోతుంది. అందుకే అది ఆమెకు అందదు.

మన దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. 2015-16లో నిమ్హాన్స్ సంస్థ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, రకరకాల మానసిక జబ్బులున్న వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. మరి ఆ మనుషులందరూ ఎక్కడికి వెళ్తున్నారు? ఊళ్ళో ఉన్న పాస్టరు దగ్గరికి, ఫాదర్ దగ్గరికి, పూజారిగారి దగ్గరికి, మసీదులో ఇమాం సాహెబ్ దగ్గరికి. కౌన్సెలింగ్ చదువుకున్నారా లేదా అని ఆ వచ్చేవాళ్ళు అడగరు. చెప్పులు విప్పి లోపలికి వస్తారు, అంతే. అంటే ఆ పని వాళ్ళ నెత్తిన ఇప్పటికే ఉంది. దాన్ని తెలిసి చేస్తున్నారా, తెలియక చేస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఈ పని నేర్పవచ్చని మొదట నిరూపించిన వాళ్ళలో ఆంటన్ బోయ్‌సెన్ ఒకరు. అమెరికాలో ప్రెస్బిటేరియన్ పాస్టరు. 1920లో ఆయనకే తీవ్రమైన మతిభ్రమ వచ్చి మానసిక ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. తేరుకుని బయటికి వచ్చాక మసాచుసెట్స్‌లోని వుర్స్టర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో చాప్లెయిన్‌గా, అంటే ఆసుపత్రి పాస్టరుగా, చేరారు. 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను అక్కడికి తెచ్చుకున్నారు. పుస్తకాలు చదివినంత శ్రద్ధగా మనుషులను చదవండి అని వాళ్ళకు చెప్పారు. బాధలో ఉన్న మనిషిని ఆయన జీవమున్న గ్రంథంగా చూశారు. ఆ నలుగురితో మొదలైన శిక్షణే క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్‌గా ఎదిగి ఎన్నో దేశాలకు పాకింది. మన పక్కనే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో కూడా ఉంది.

ఆ శిక్షణలో తర్వాత వచ్చి చేరిన ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. పేషెంటును చూసి వచ్చాక జరిగిన మాటలన్నీ ఉన్నదున్నట్టు కాగితం మీద రాయాలి. ఆయన ఏమన్నాడు, నేనేమన్నాను, మధ్యలో ఎంతసేపు ఊరుకున్నాం. తర్వాత దాన్ని తోటివాళ్ళ ముందు చదవాలి. రిటైరయ్యాక పాస్టర్ల తరగతుల్లో ఆసుపత్రి సందర్శన గురించి చెప్పమని నన్ను పిలుస్తుంటారు. అక్కడ ఒక యువ పాస్టరు తన నోటుబుక్కులోంచి చదివిన పేజీ ఇది:

పేషెంటు: రాత్రంతా నిద్ర లేదు బ్రదర్.
నేను: ప్రభువు మీకు శాంతినిస్తాడు.
పేషెంటు: పిల్లలు గుర్తుకొస్తున్నారు.
నేను: పిల్లల్ని దేవుడే చూసుకుంటాడు. ధైర్యంగా ఉండండి.
పేషెంటు: సరే బ్రదర్.
నేను: ప్రార్థన చేసుకుందామా?

చదివి ముగించాక ఎవరూ ఏమీ అనక ముందే ఆ అబ్బాయి 'సరే బ్రదర్' దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఆయన వెళ్ళిపోయాడు సిస్టర్" అన్నాడు. మనిషి మంచం మీదే ఉన్నాడు, మాటలోంచి వెళ్ళిపోయాడు. "పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు?" అని అడిగి ఉంటే ఆయన రాత్రంతా ఎందుకు మేలుకున్నాడో బయటపడేది. పెద్ద చదువేమీ అక్కర్లేని ప్రశ్న అది. కానీ అది నోటికి రావాలంటే ధైర్యం చెప్పేయాలన్న తొందరను ఆపుకోవాలి. బోధించడం అలవాటైన నోటికి అన్నిటికన్నా కష్టమైన సంగతి అదే. ఆదివారం గంటసేపు మాట్లాడే మనిషి సోమవారం ఒకరి ఇంట్లో పావుగంట ఊరుకోలేడు.

కార్ల్ రోజర్స్ పేరు కౌన్సెలింగ్ చదివిన వాళ్ళందరికీ తెలుసు. సైకాలజీకి రాకముందు ఆయన చదవడానికి వెళ్ళింది వేదాంతమే. 1924లో న్యూయార్క్ యూనియన్ సెమినరీలో చేరి, రెండేళ్ళకు అక్కడి నుంచి సైకాలజీకి మారారు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇంతే: నటించకు, ఎదుటి మనిషి చోట నిలబడి చూడు, షరతులు పెట్టకుండా ఆ మనిషిని మనిషిగా అంగీకరించు. ఇది పడమటి నుంచి వచ్చిన సంగతి, మనకు పడదు అనేవాళ్ళను చూశాను. వాళ్ళను యోబు గ్రంథం మళ్ళీ చదవమంటాను. యోబు ముగ్గురు స్నేహితులు వచ్చి, అతని బాధ చూసి, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ పక్కనే నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ ముగ్గురూ చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అని అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు. చివర్లో దేవుడు కోప్పడింది ఎవరి మీద? ఆ సలహాలిచ్చిన వాళ్ళ మీద. పైగా వాళ్ళ కోసం యోబు చేత ప్రార్థన చేయించాడు. బాధపడ్డవాడే ఓదార్చడానికి వచ్చినవాళ్ళ కోసం ప్రార్థించాల్సి వచ్చిన ఆ ఘట్టం మీద ప్రసంగం నేనైతే ఎక్కడా వినలేదు. భగవద్గీతలోనూ అంతే, మొదటి అధ్యాయం అర్జునుడి విషాదంతోనే ముగుస్తుంది. బోధ తర్వాత వచ్చింది.

మా పెదనాన్న పల్నాడు పల్లెల్లో పాస్టరుగా చేశాడు. కౌన్సెలింగ్ అన్న మాట ఆయన నోట నేను వినలేదు. నర్సింగ్ చదువుతున్నప్పుడు సెలవులకు వెళ్తే ఒకరోజు నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో మిర్చి రైతు అప్పుల బాధతో పురుగుమందు తాగి చనిపోయి కొన్ని వారాలయింది. అతని భార్య కల్లంలో కూర్చుని ఎండిన కాయల్లోంచి తాలు ఏరుతోంది. ఆ సరుకు గుంటూరు యార్డుకు పోవాలి, వడ్డీ కట్టాలి. అప్పటికే ఊళ్ళో అందరూ వచ్చి అంతా దేవుడి చిత్తం అని చెప్పి వెళ్ళారట. ఆవిడ అందరికీ తల ఊపిందట, కంట్లోంచి ఒక్క చుక్క రాలేదట.

పెదనాన్న బైబిలు తెరవలేదు. కండువా ముక్కుకు చుట్టుకుని పట్టా అంచున కూర్చుని తనూ తాలు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. ఘాటుకు నాకు తుమ్ములు. అలా చాలాసేపు గడిచాక ఆవిడ తల ఎత్తకుండానే అంది: "ఆ పొద్దున నేనే అన్నాను అయ్యగారూ. అప్పులోళ్ళకి సమాధానం చెప్పలేని మొగుడివి నువ్వెందుకు అని."

నీ తప్పేం లేదమ్మా అని నా నాలుక చివరి దాకా వచ్చింది. పెదనాన్న ఆ మాట అనలేదు. ఏరుతున్న చెయ్యి ఆపి, "ఆ మాట అన్నావు" అన్నాడు.

"అన్నాను."

"అప్పట్నుంచి దాన్నే మోస్తున్నావు."

అప్పుడు ఏడ్చింది. ఆయన ఆపలేదు, ఊరుకోమనలేదు. నన్ను మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఏడుపు తగ్గాక ఆవిడే చెప్పుకొచ్చింది, తను ఆ మాట అన్నాక కూడా అతను అన్నం తిన్నాడని, పిల్లకు జడ వేసి బడికి పంపాడని. అంతా విన్నాక పెదనాన్న అడిగిన ప్రశ్నకు నాకు గుండె ఆగినంత పనైంది. "అమ్మా, నీకూ చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఆవిడ కాసేపు ఆగి, "పిల్ల నిద్రపోయాక అనిపిస్తది" అంది.

ఆ సాయంత్రమే ఇంట్లో మిగిలిన మందు డబ్బాలన్నీ పెదనాన్న సైకిలుకు కట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. పక్క ఊళ్ళో ఉన్న ఆవిడ చెల్లెలికి కబురు పెట్టి రాత్రిళ్ళు తోడు పడుకునేలా చేశాడు. ప్రార్థన అన్నిటికన్నా చివర చేశాడు, రెండు మూడు మాటలే. ఈ బిడ్డ ఒక మాట అంది తండ్రీ, ఆ మాట ఈమెను నిద్రపోనివ్వడం లేదు, జడ వేసిన ఆ తండ్రి చేతులు నీకు తెలుసు అని. ఆవిడ 'ఆమెన్' అన్న తీరు నాకింకా చెవుల్లో ఉంది. తను చెప్పిందంతా ఆయన విన్నాడని ఆవిడకు ఆ ప్రార్థనలో తెలిసింది.

ఎదుటి మనిషి చెప్పినదాన్ని మళ్ళీ ఆ మనిషికే మన మాటల్లో వినిపించడం కౌన్సెలింగ్ పుస్తకాల్లో ఒక ముఖ్యమైన పాఠం. పాస్టర్లకు దానికోసం ఒక మార్గం ముందే ఉంది, అదే ప్రార్థన. ముందు విని, ఆ తర్వాత చేస్తే చాలు. పూజారిగారికీ ఉంది. అర్చన చేసేముందు గోత్రం, పేరు అడుగుతారు కదా. అక్కడే "ఎవరి కోసమమ్మా? ఏమైంది?" అని ఒక్క మాట అడిగితే, ఆవిడ కొడుకు మూడు నెలలుగా గదిలోంచి బయటికి రావడం లేదన్న సంగతి ఆ గుళ్ళోనే బయటికొస్తుంది. శనిదోషం, నవగ్రహ శాంతి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చచ్చిపోవాలనుందా అని అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. ఆ భయం తప్పని మానసిక వైద్యులు ఎప్పుడో తేల్చారు. అడిగితే ఆ మనిషికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఈ సంగతిని తన జీవితమంతా పట్టుకున్న మతాధికారి చాడ్ వారా. ఇంగ్లండులో లింకన్ పట్టణంలో కొత్తగా చేరిన ఆంగ్లికన్ గురువుగా 1935లో ఆయన ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయిని సమాధి చేయాల్సి వచ్చింది. ఆ పిల్ల ఆత్మహత్య చేసుకుంది. రజస్వల అయితే, తనకేదో సుఖవ్యాధి అంటుకుందనుకుంది. అడగడానికి ఆ పిల్లకు ఒక్క మనిషి దొరకలేదు. ఆ చావు వారా మనసులోంచి పోలేదు. 1953 నవంబరు 2న లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టి, చావాలనుకునేవాళ్ళు ముందు నాకు ఫోన్ చేయండి అని పిలిచారు. సమారిటన్స్ సంస్థ అలా పుట్టింది.

అందులో నాకు నచ్చే అసలు సంగతి తర్వాత జరిగింది. జనం ఎక్కువై, వారాను కలవడానికి బయట కూర్చుని ఎదురుచూసేవారు. వాళ్ళకు టీ ఇవ్వడానికి మామూలు మనుషులు కొందరు స్వచ్ఛందంగా వచ్చారు. టీ ఇస్తూ, పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పేది వినేవారు. అలా చెప్పుకున్నాక చాలామందికి ఇక వారాను కలవాల్సిన అవసరమే కనబడలేదు. వారా అది గమనించి, 1954 ఫిబ్రవరిలో వినే పనిని ఆ వాలంటీర్లకే అప్పగించేశారు. ఒక మతాధికారి తన కన్నా మామూలు మనుషులే ఈ పనికి తగినవాళ్ళని ఒప్పుకుని పక్కకు జరగడం చిన్న విషయం కాదు. మన పాస్టరమ్మలు, స్త్రీల సమాజం పెద్దలు, బైబిలు స్త్రీలు ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే. పాస్టరుతో చెప్పుకోలేని మాట అమ్మగారి వంటింట్లో చెప్పుకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. శిక్షణ తరగతులకు మాత్రం అయ్యగార్లనే పిలుస్తాం. అమ్మగార్లనూ పిలవాలి.

ఇక ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక సంగతి ఉంది, గుట్టు. ఒకామె తన కొడుకు గంజాయికి అలవాటు పడ్డాడని ఏడుస్తూ చెప్పుకుంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అది ప్రార్థన మనవి అవుతుంది. "ఫలానా సహోదరి కుమారుడు చెడు అలవాటులో ఉన్నాడు, జ్ఞాపకం చేసుకోండి." సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, ఆదివారానికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళ చెవిన పడుతుంది. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. అందరూ ప్రార్థనే చేశారు. కానీ ఆ తల్లి ఇంకెన్నడూ ఎవరితోనూ ఏమీ చెప్పదు. కతోలికుల్లో పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువును సంఘం నుంచి వెలివేస్తారు, అంత కఠినమైన నియమం. మిగతా సంఘాలకూ అంత పట్టుదల ఉండాలి. ఆమె ఒప్పుకోనిదే ఒక్క మాట కూడా మనవిగా బయటికి రాకూడదు. పేరు తీసేసి చెప్పాను అంటారు కొందరు. ఊళ్ళో పేరు తీసేసినా అందరికీ తెలుస్తుంది.

గుట్టుకూ ఒక హద్దుంది. పిల్లల మీద లైంగిక దాడి జరుగుతోందని తెలిస్తే అది దాచే హక్కు ఎవరికీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరైనా, పూజారైనా. చేసింది సంఘపెద్ద అయినా. సంఘం పరువు పోతుందని ఆగినవాళ్ళు ఆ పిల్లను రెండోసారి దెబ్బతీసినట్టే. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడదాన్ని సర్దుకుపోమని, లోబడి ఉండమని వాక్యం చూపించి వెనక్కి పంపడం కూడా అంతే. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటే క్షేమమో ముందు అడగాలి. మహిళల సహాయ నంబరు 181 ఆమెకు ఇవ్వాలి. వాక్యం ఎక్కడికీ పోదు.

మందుల విషయంలో నాకు కోపం ఎక్కువే, దాచుకోను. విశ్వాసముంటే మాత్రలెందుకని ఎవరో అంటే మానసిక రోగి మందు మానేసి, మళ్ళీ వార్డుకు చేతులు కట్టేసిన స్థితిలో రావడం నేను చూశాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర ఒక ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. నయమవుతుందనే అక్కడికి తీసుకొచ్చారు వాళ్ళను. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. దీనికి మరో వైపు కూడా చూడాలి. గుజరాత్‌లో ఉనావా ఊళ్ళోని మీరా దాతార్ దర్గాలో 'దవా దువా', అంటే మందూ ప్రార్థనా, అని ఒక పని నడిచింది. దర్గా ముజావర్లే జబ్బు లక్షణాలు గుర్తుపట్టి, దువా చేసి, అక్కడే కూర్చున్న డాక్టరు దగ్గరికి పంపేవారు. వచ్చినవాళ్ళ నమ్మకాన్ని ఎవరూ తీసేయలేదు, మందును ఎవరూ ఆపలేదు. మన పెద్ద పుణ్యక్షేత్రాల్లో, స్వస్థత కూటాల్లో ఇలాంటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

పాస్టర్లకు ఇంత చెబుతున్నాను కానీ, వాళ్ళను వినేవాళ్ళెవరు? మూడు చావులు, ఒక పెళ్ళి, ఆసుపత్రి, ఆదివారం ప్రసంగం, అందులోనే తన ఇంటి అద్దె. ఊరందరి దుఃఖం విన్న మనిషికి తన దుఃఖం చెప్పుకునే చోటు లేదు. చెప్పుకుంటే విశ్వాసం సన్నగిల్లిందంటారేమోనని భయం. సంఘపెద్దలు దీని గురించి ఆలోచించాలి. పక్క ఊరి పాస్టరుతో నెలకొకసారి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటైనా చేయాలి, ఆ ఒక్కరోజు ఆయన్ను ఎక్కడికీ పిలవకూడదు.

చివరిగా మీ అందరినీ ఒకటి కోరతాను. మానసిక సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఫోను నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. మీ చర్చి, గుడి, మసీదు నోటీసు బోర్డు మీద, ఆరాధన వేళల పక్కనే, ఈ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. మీ అయ్యగారి ఫోనులో ఉందో లేదో ఈ వారమే అడిగి చూడండి.